పక్క షెడ్డు భాయ్, నా ఇంటర్‌కూలర్

మనిషి పోయి నెల దాటింది. లారీలు ఇంకా నా షెడ్డు ముందు ఆగుతూనే ఉన్నాయి. డ్రైవర్ తల బయటికి పెట్టి, "అన్నా, రేడియేటర్ భాయ్ షెడ్డు ఇక్కడే కదా?" అంటాడు. "పోయాడయ్యా" అంటాను. మొన్న ఒకడు, ఎక్కడో రాయచూరు నుంచి పత్తి గింజల లోడుతో వచ్చినవాడు, ఆ మాట విని బండి పక్కకి తీశాడు. దిగొచ్చి నా బల్ల మీద కూలబడి, మెడలో తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడికి మంచినీళ్ళిస్తూ నేనేమనుకున్నానో చెప్పమంటారా? రేపు నేను పోతే నా కోసం ఇట్లా కూలబడేవాడు ఈ జిల్లా మొత్తం మీద ఒక్కడైనా ఉన్నాడా అనుకున్నాను. చచ్చిపోయిన మనిషి మీద కూడా కుళ్ళే నాకు.

దాచుకోవడం ఎందుకు? ఆయన పక్కన పన్నెండేళ్ళు షెడ్డు పెట్టుకుని బతికాను. పన్నెండేళ్ళూ ఆయన్ని చూసి ఏడుస్తూనే బతికాను.

గుంటూరులో నల్లపాడు వెళ్ళే రోడ్డు మీద ఒకే గోడకి అటొకటి, ఇటొకటి మా షెడ్లు. నాది కార్ల షెడ్డు. ఐటీఐ చదివి, మద్రాసులో ఒక పెద్ద వర్క్‌షాపులో ఆరేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి. సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టించి గోడకి తగిలించాను. గచ్చు చేయించాను. వచ్చినవాళ్ళు కూర్చోడానికి నాలుగు కుర్చీలు, ఫ్యాను, న్యూస్ పేపరు. ఆయనదేమో రేకుల పంచ. మంట చిమ్మే బ్లో ల్యాంపు ఒకటి, చిల్లులు పూడ్చే సీసం కడ్డీల కట్ట, మధ్యలో సిమెంటు తొట్టి. తొట్టిలో నీళ్ళు ఎప్పుడు చూసినా ఆకుపచ్చగా ఉండేవి. లారీ రేడియేటర్ విప్పి, మూతులన్నీ రబ్బరు ముక్కలతో బిగించి, లోపలికి గాలి కొట్టి ఆ తొట్టిలో ముంచేవాడు. చిల్లున్నచోట బుడగలొస్తాయి. ఈ పని చేసేవాళ్ళంతా చేసేదే. కానీ ఈయన ముంచాక కళ్ళు మూసుకుని, చెవి తొట్టి అంచుకి ఆనించి కూర్చునేవాడు.

"ఏం భాయ్, పాటలు వింటున్నావా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"రెండు చోట్ల మేస్త్రీ గారూ. ఒకటి పెద్దది, ఒకటి దొంగది" అనేవాడు.

దొంగది అంటే ఇవాళ కారకుండా ఊరుకుని, రేపు నడిరోడ్డు మీద కారేది. కళ్ళు తెరిచి చూస్తే నిజంగానే రెండు చోట్ల బుడగలుండేవి. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, అయినా నన్ను 'మీరు' అనేవాడు. నేను 'నువ్వు' అనేవాణ్ణి. అందులోనైనా పైచెయ్యి నాదే అని సంతోషించేవాణ్ణి, చూడండి నా బుద్ధి.

వేడి టీ తాగేవాడు కాదు. ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి పది పన్నెండుసార్లు తిరగబోసి, బాగా చల్లారాక ఒక్క గుక్కలో పోసుకునేవాడు. "టీ అంటే వేడిగా తాగాలి భాయ్" అన్నానొకసారి. "పొద్దస్తమానం వేడి బయటికి తీసే పని చేస్తూ, మళ్ళీ లోపల పోసుకోమంటారా?" అన్నాడు. ఏ బండి వచ్చినా ముందు స్పానర్ పట్టుకునేవాడు కాదు. చెయ్యి తడుపుకుని, వెనకవైపు తిప్పి గ్రిల్ ముందు పెట్టేవాడు. గాలి ఎటు పోతోందో, ఎక్కడ ఆగుతోందో చెయ్యే చెబుతుందనేవాడు. ఆయన లేనప్పుడు నేనూ ఒకసారి అట్లా చేసి చూశాను. చెయ్యి చల్లబడింది, అంతే.

మా వైపు లారీ డ్రైవర్లకి ఒక అలవాటుంది. దారిలో రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోస్తారు. పసుపు చిల్లులో బిగుసుకుని అప్పటికి కారడం ఆగుతుంది. తర్వాత అదే పసుపు సన్న గొట్టాలన్నిటినీ మూసేస్తుంది. అట్లాంటి బండి వచ్చిందంటే భాయ్‌కి ఒళ్ళు మండేది. "ఏరా, ఇంజన్‌లో పప్పుచారు కాచావా? కరివేపాకు కూడా వెయ్యకపోయావా?" అని కేకలేసేవాడు. డ్రైవర్లు నవ్వేవాళ్ళు. ఆయన చేత తిట్టించుకోడానికి ఒంగోలు నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఇటు నేను "రండి సార్, కూర్చోండి సార్" అని ఎంత మర్యాద చేసినా నా కుర్చీలు సగం రోజులు ఖాళీ.

అంతదాకా ఎందుకు, మా ఇంటావిడ! కుక్కర్ పిడి ఊడినా, ఇత్తడి బిందెకి చిల్లు పడినా నాకు తెలియకుండా గోడ అవతలికి పంపేది. "ఇంట్లో మెకానిక్‌ని నేనున్నాను కదే" అంటే, "ఆ భాయ్ చేస్తే మళ్ళీ ఆ మాట ఎత్తక్కర్లేదండీ. మీరు చేస్తే వారానికోసారి గుర్తుచెయ్యాలి" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

వాళ్ళది దూది ఏకే ఇల్లు. వాళ్ళ నాన్న విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ దిళ్ళూ కుట్టినవాడట. "మా నాయన నారి మోత విని దూదిలో ఇంకా గింజ ఉందో లేదో చెప్పేవాడు మేస్త్రీ గారూ" అనేవాడు. ఆ చెవి అక్కణ్ణుంచి వచ్చి ఉంటుంది. మా నాన్న పొగాకు కంపెనీలో గుమాస్తా. నాకెక్కణ్ణుంచి వస్తుంది చెవి?

ఇక కారు సంగతి. రెండు వేల మూడో, నాలుగో. ఒంగోలు నుంచి గుంటూరు దాకా నాలుగు లైన్ల రోడ్డు పడుతున్న రోజులు. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఉన్న ఒక పెద్దమనిషి కొడుకు, ముప్పై ఏళ్ళవాడు, అందరూ చిన్నబాబు అనేవాళ్ళు. ఆయన జపాన్ నుంచి దిగిన స్పోర్ట్స్ కారొకటి మద్రాసులో కొనుక్కొచ్చాడు. నీలం రంగు, రెండే తలుపులు, టర్బో ఇంజన్. మద్రాసులో పనిచేసొచ్చిన మేస్త్రీ అని ఎవరో చెబితే సరాసరి నా షెడ్డుకే తెచ్చాడు. ఆ రోజు రోడ్డు మీద జనం ఆగి చూస్తుంటే నా ఛాతీ ఎంత పొంగిందో!

టర్బో అంటే ఇంజన్ పీల్చే గాలిని ముందే ఒత్తి లోపలికి తోసే చిన్న పంకా. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టినవాళ్ళకి తెలుసు, పంపు అడుగున చెయ్యి పెడితే కాలుతుంది. వేడి గాలి పలచన, అందులో బలం ఉండదు. అందుకని ఆ గాలి ఇంజన్‌లోకి వెళ్ళేలోపు చల్లబడటానికి దారిలో ఒక అల్యూమినియం పెట్టె పెడతారు. అదే ఇంటర్‌కూలర్. ఆ కారుకి అది ఇంజన్ నెత్తిన ఉంది. జపాన్ చలికి సరిపోతుందేమో. మే నెలలో మన మిర్చి యార్డు ముందు బళ్ళ మధ్య పది నిమిషాలు ఇరుక్కుంటే కింద ఇంజన్ సెగకి ఆ పెట్టే కాలిపోయేది. ఆ తర్వాత కారు లాగేది కాదు. చిన్నబాబుకి తల కొట్టేసినట్టయి, విదేశాల నుంచి పెద్ద ఇంటర్‌కూలర్ తెప్పించాడు. బంపర్ వెనక, రేడియేటర్ కంటే ముందు, ఎదురుగాలి తిన్నగా తగిలేలా బిగించేది.

"మేస్త్రీ గారూ, ఇది మీరే చెయ్యాలి. బాగా వచ్చిందంటే మా ఇంట్లో కార్లన్నీ మీవే. మా ఫ్రెండ్స్ కార్లు కూడా" అన్నాడు.

ఒంగోలు నుంచి గుంటూరు దాకా ఫారిన్ కారు అంటే నా పేరే వినపడాలనుకున్నాను. మెకానిక్‌కి ఇట్లాంటి అవకాశం జన్మలో ఒకసారి వస్తుంది. అది పోతే నాకింక ఏమీ లేదు. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? కారు చుట్టూ టార్పాలిన్ పట్టా కట్టాను, గోడ మీంచి భాయ్‌కి కనపడకుండా.

"ఏంటి మేస్త్రీ గారూ, పెళ్ళికూతుర్ని దాచారా?" అంటూ వచ్చాడు.

"ఇంటర్‌కూలర్ భాయ్. నీకు తెలియదులే."

అట్టపెట్టెలో ఉన్నదాన్ని బొటనవేలితో నెమ్మదిగా నిమిరాడు. ఎత్తి వెలుతురుకి పెట్టి, రెక్కల సందుల్లోంచి చూశాడు. "ఇది రేడియేటరే కదండీ. నీళ్ళ బదులు గాలి" అన్నాడు. నేను మూడు రోజులు పుస్తకం ముందేసుకుని అర్థం చేసుకున్నది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"అంత తేలిక కాదు" అన్నాను ముఖం మాడ్చుకుని.

"కాదులెండి" అని వెళ్ళిపోయాడు.

బంపర్ విప్పాను. లోపలి ఇనప అడ్డపట్టీ కొంత కోస్తే గానీ పెట్టె కూర్చోలేదు. హారన్లు ఒక పక్కకి, బ్యాటరీ ఇంకో పక్కకి జరిపాను. ఇంటర్‌కూలర్‌తో వచ్చిన పైపుల్లో ఒకటి చక్రానికి తగులుతుంటే రెండుసార్లు విప్పి వంపు మార్చాను. ఎలాగూ ముందంతా ఖాళీ అయింది కదా అని రేడియేటర్ కూడా దింపి, కడగమని భాయ్‌కే ఇచ్చాను. సాయంత్రానికి కొత్తదానిలా చేసి తెచ్చిచ్చాడు. ఈ సంగతి తర్వాత నాకెట్లా పనికొచ్చిందో చెబుతాను, వినండి.

అంతా బిగించి స్టార్ట్ చేస్తే కారు లాగదే! ఎక్కడో గాలి పోతోంది. టర్బో మూతి బిగించి, కంప్రెసర్‌తో పైపుల్లోకి గాలి కొట్టి వెతికాను. సబ్బునీళ్ళు రాసి వెతికాను. ఒక రోజు పోయింది, రెండో రోజూ పోయింది. చిన్నబాబు ఫోన్ చేస్తే "ట్యూనింగ్ జరుగుతోంది సార్" అని బొంకాను. మూడో రోజు నేను కారు కింద పడుకుని తిట్టుకుంటుంటే పట్టా అవతల నుంచి గొంతు వినపడింది.

"మేస్త్రీ గారూ, ఎడమవైపు. కిందగా. సన్నగా ఈల వేస్తోంది."

నా కంప్రెసర్ మోతలో నాకే వినపడని ఈల గోడ అవతల ఆయనకి వినపడిందట!

"నీ పని నువ్వు చూసుకో భాయ్" అన్నాను.

కాసేపాగి, ఆయన బ్లో ల్యాంపు చప్పుడు మొదలయ్యాక, ఎడమవైపు కింద, గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు దగ్గర చెయ్యి పెట్టాను. రబ్బరు గొట్టం అంచు లోపలికి మడత పడింది. సరిచేసి బిగించాను. కారు ఎగిరి దూకింది. దొరికిందా అని ఆయన అడగలేదు. దొరికిందని నేను చెప్పలేదు.

చిన్నబాబు చిలకలూరిపేట దాకా వెళ్ళొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. నేను స్వీట్లు పంచాను, కారు పక్కన నిలబడి ఫోటో దిగాను. భాయ్ లడ్డూ తింటూ, "మీ చెయ్యి మంచిది మేస్త్రీ గారూ" అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమో అని ముఖంలోకి చూశాను. వెక్కిరింత ఏమీ కనపడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ ఏడు పత్తి సీజన్ మొదలైంది. మీకు తెలిసిందే, జిన్నింగు మిల్లులు నడిచే రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల గాల్లోనే దూది ఉంటుంది. పత్తి లారీ వెనక పోతే వాన పడ్డట్టు పింజలు మీద పడతాయి. చిన్నబాబు కారు సర్వీసుకి తెచ్చినప్పుడు భాయ్ చెయ్యి తడుపుకుని వచ్చాడు. ఇంజన్ నడుస్తుంటే బంపర్ ముందు, పక్కల, కింద చెయ్యి పెట్టి చూశాడు. పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చాడని నాకు ఒళ్ళు మండింది.

"మేస్త్రీ గారూ, మీ ఇంటర్‌కూలర్‌కీ దాని వెనకున్న రేడియేటర్‌కీ మధ్య సందు ఉంది. ముందు నుంచి వచ్చే గాలి పెట్టెలోంచి పోవడం లేదు, పక్కలనుంచి ఆ సందులోకి దూరుతోంది. దూది కూడా అట్లాగే దూరుతుంది. దూరిందంటే బయటికి రాదు, లోపలే పరుపు కట్టేస్తుంది. మా ఇంట్లో పుట్టినవాడికి ఎవరైనా చెప్పాలా ఇది! పక్కల సన్న రేకు కట్టి ఆ సందు మూసెయ్యండి. కావాలంటే నేను కత్తిరించి ఇస్తాను, గంట పని."

మాట సరైనదని వింటుండగానే తెలిసింది. నా ఇంటర్‌కూలర్‌కి, నా పేరు నిలబెట్టిన కారుకి, ఈయన రేకు ముక్క! చిన్నబాబు అడిగితే "అది పక్క షెడ్డు భాయ్ చెప్పాడండీ" అనాలా?

"ఇది లారీ కాదు భాయ్" అన్నాను.

అని ఏం చేశాను? లారీ వాళ్ళు చేసేదే చేశాను. పత్తి సీజన్‌లో మా లారీలన్నీ గ్రిల్ ముందు దోమల మెష్ కట్టుకు తిరుగుతాయి. లారీ మెల్లగా పోతుంది, డ్రైవర్ ప్రతి టీ కొట్టు దగ్గరా దిగి మెష్ దులుపుకుంటాడు, అందుకని దానికి చెల్లుతుంది. నేను నల్లటి మెష్ కొనుక్కొచ్చి, కొలతలు తీసి, ఫారిన్ ముక్కలా కనపడేటట్టు బంపర్ లోపల బిగించాను. భాయ్ గోడ మీంచి చూశాడు. తల అడ్డంగా ఊపి తన తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులు తిరక్కుండా, ఒక మధ్యాహ్నం, చిన్నబాబు నీలం కారుని ఒక పత్తి లారీ తాడు కట్టి లాక్కొచ్చింది. బానెట్ లోంచి ఆవిరి. రోడ్డంతా జనం. అందరికంటే ముందు పరిగెత్తి, బంపర్ లోంచి మెష్ పీకి, నలిపి, టైర్ల చాటున పడేశాను. మెష్ తెల్లగా గోడకి సున్నం కొట్టినట్టుంది. చిన్నబాబు లారీ డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు, చూడలేదు.

"ఏంటి మేస్త్రీ గారూ ఇది? కొత్త కారు ఉడికిపోయింది! ఎవరిది తప్పు?" అని నా మీదకొచ్చాడు.

అంత జనంలో, అంత గొంతుతో ఎవరిది తప్పు అని అడిగితే నా నాలుక నేను చెప్పినట్టు వినలేదు. కాదు, అబద్ధం. చెప్పినట్టే విన్నది.

"ఇంటర్‌కూలర్‌ది కాదు సార్. రేడియేటర్‌లో నీళ్ళు తిరగట్లేదు. అది భాయ్ కడిగాడు కదా మొన్న."

ఆ భాయ్ అప్పటికే వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. విన్నాడు.

"ఏం చేశావయ్యా నా కారుకి?" అన్నాడు చిన్నబాబు.

ఆయన కారు ముందు గొంతుకూర్చున్నాడు. బంపర్ పక్కనుంచి ఆ సందులోకి నాలుగు వేళ్ళు దూర్చాడు. కొంచెం లాగాడు. వేళ్ళ మధ్య తెల్లగా, చాప చుట్టలా దూది వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు లేచి అందరికీ చూపిస్తాడు, చెప్పానా లేదా అంటాడు, నా పేరు గంగలో కలిసినట్టే అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి పిడికిలి బిగించి లుంగీ మడతలో ఉంది. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు.

"నా పనే బాబూ. గొట్టాలు సరిగ్గా కడగలేదు. పొరపాటైంది" అన్నాడు.

"చేతకాకపోతే చేతకాదని చెప్పాలి! ఇక మా లారీలు ఒక్కటి కూడా నీ గుమ్మం తొక్కవు" అని చిన్నబాబు అరిచాడు. ఇంకా చాలా అన్నాడు. ఈయన తల వంచుకుని అన్నీ విన్నాడు. జనం ముందు ఆ మనిషి తల వంచుకోవడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు.

అందరూ వెళ్ళాక ఆయన పంచలోకి వెళ్ళాను. తొట్టి అంచు మీద కూర్చుని చల్లటి టీ తాగుతున్నాడు.

"ఎందుకట్లా చెప్పావు భాయ్?"

"మీకున్నది ఆ కార్లవాళ్ళేగా మేస్త్రీ గారూ. వాళ్ళు మిమ్మల్ని వదిలేస్తే మీకేం మిగుల్తుంది? నాకేముంది, లారీలు ఎక్కడికి పోతాయి. నాలుగు రోజులు పోతే వాళ్ళే వస్తారు" అన్నాడు. నింపాదిగా, పక్కింటివాడికి చేబదులుగా పంచదార ఇచ్చినంత తేలిగ్గా అన్నాడు.

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. పోటీ అని అన్నేళ్ళూ నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆయన నన్ను పోటీ కింద లెక్కే వెయ్యలేదు. జాలిపడ్డాడు. ఆయన నన్ను అందరి ముందూ బయటపెట్టి ఉంటే క్షమించేవాణ్ణేమో. దీన్ని క్షమించలేకపోయాను.

మర్నాడు ఉడికిన ఇంజన్‌కి హెడ్ గ్యాస్కెట్ మార్చే పనిలో నేనుంటే, తనే రేకు కత్తిరించి తెచ్చి ఆ సందు మూసి వెళ్ళాడు. కారు మళ్ళీ ఎప్పుడూ వేడెక్కలేదు. చిన్నబాబు స్నేహితులంతా నా దగ్గరికొచ్చారు. నా నాలుగు కుర్చీలూ నిండాయి.

ఆయన లెక్క మాత్రం తప్పింది. క్వారీ లారీలు తిరిగి రాలేదు. వాళ్ళని చూసి చీమకుర్తి వైపు మిగతా క్వారీల లారీలు కూడా మానేశాయి. మాట పాకితే ఎట్లా ఉంటుందో తెలుసుగా, టీ కొట్టు దగ్గర 'కడిగి కారు ఉడకబెట్టిన భాయ్' అన్నారు కొన్నాళ్ళు. దూరపు డ్రైవర్లు, పాతవాళ్ళు వస్తూనే ఉన్నారు గానీ మునుపటి సందడి లేదు. చాలాసార్లు తొట్టి ముందు ఖాళీగా కూర్చుని ఉండేవాడు. అప్పుడు నేను వెళ్ళి చిన్నబాబుకి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే, ఆయన పంచ ఖాళీగా కనపడినప్పుడల్లా మొదట్లో నాకు హాయిగా ఉండేది. తర్వాత హాయి పోయింది, కానీ నోరు మాత్రం పెగల్లేదు.

ఆయనకి ఒక్కడే కొడుకు. అప్పుడు ఒంగోల్లో డిప్లొమా చదువుతున్నాడు. సెలవుల్లో వచ్చి తండ్రి దగ్గర పని నేర్చుకునేవాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. చదువయ్యాక చీరాలలో సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్నాడు.

మొన్న ఆయన నలభయ్యో రోజు భోజనాలకి పిలిస్తే వెళ్ళాను. తినడం అయ్యాక ఆయన భార్య, నేను అక్కా అని పిలుస్తాను, నన్ను పక్క గదిలో కూర్చోబెట్టింది.

"మేస్త్రీ గారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ నీలం కారు మీ భాయ్ నిజంగానే పాడు చేశాడా? ఎన్నిసార్లు అడిగినా 'పొరపాటైంది, వదిలెయ్' అనేవాడే గానీ ఏం పొరపాటో చెప్పేవాడు కాదు. మా వాడు ఆ సంగతి పట్టుకునే ఈ పని వద్దన్నాడు. 'నాయనకే రాని పని నేనేం నేర్చుకుంటా' అన్నాడు. ఆ మాటకి ఈయన తిరిగి ఒక్క మాట అనలేదు. పోయేదాకా ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. మీరు పక్కనే ఉన్నారు కదా, మీకు తెలిసుంటుంది."

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట! భార్యకి చెప్పలేదు. కన్నకొడుకు చేతకానివాడని అనుకుంటుంటే వాడికీ చెప్పలేదు. 'పొరపాటేనక్కా, ఎవరికైనా జరుగుతుంది' అనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. అంటే సరిపోయేది. నా పేరు నాకుండేది, చిన్నబాబు కార్లు నాకుండేవి. నేను మంచివాణ్ణయిపోయి నిజం చెప్పాననుకోకండి. ఇంట్లో కూడా నా పరువు కాపాడి ఆ మనిషి ఇంకా గెలుస్తూనే ఉంటే భరించలేకపోయాను.

"లేదక్కా. ఆయన తప్పు కాదు. నాది" అన్నాను.

మెష్ సంగతి, రేకు సంగతి, దూది సంగతి, జనం ముందు నేను చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. ఆమె గుమ్మం వైపు తిరిగి కొడుకుని పిలిచింది.

"ఇటు రారా. మేస్త్రీ గారు మీ నాయన సంగతి చెబుతున్నారు." నా వైపు తిరిగి, "మళ్ళీ చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి" అంది.

పాతికేళ్ళవాడు వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మళ్ళీ చెప్పాను. చొక్కా పట్టుకుంటాడనుకున్నాను, నాలుగు తిడతాడనుకున్నాను. అందుకు సిద్ధపడే చెప్పాను.

"ఈల గోడ అవతల నుంచే వినపడిందా నాయనకి?" అన్నాడు.

"వినపడింది."

"మీ కంప్రెసర్ నడుస్తుండగానే?"

"నడుస్తుండగానే."

"రేకు కట్టమని ముందే చెప్పాడా? కారు ఉడక్కముందే?"

"పదిహేను రోజుల ముందే చెప్పాడు."

"చెయ్యి పెట్టి చూసే చెప్పాడా?"

"చెయ్యి పెట్టే."

"తర్వాత నాయన రేకు కట్టాక మళ్ళీ ఎప్పుడూ వేడెక్కలేదా?"

"ఎప్పుడూ లేదు."

నా అబద్ధం గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నేను చేసిన ద్రోహం వాడికి పట్టనే లేదు. ఈల ఎంత సన్నగా ఉందో, ఏ చెయ్యి పెట్టాడో, ఎన్ని వేళ్ళు దూర్చాడో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. చెబుతున్నకొద్దీ వాడి ముఖం విప్పారుతోంది. చివరికి వాళ్ళమ్మ వైపు తిరిగి, "మా నాయనే అమ్మా! మా నాయన!" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు. "మీరెందుకు మేస్త్రీ గారూ, ఊరుకోండి. ఇప్పటికైనా చెప్పారు, అదే చాలు" అని అక్క నన్నే ఓదార్చింది. పశ్చాత్తాపం అనుకుంది పాపం. సగం అదే. మిగతా సగం ఆ పాత కుళ్ళే అని ఆమెకి చెప్పలేకపోయాను.